పదహారు గంటలు, కలుపుకోండి

మూడింటికే వచ్చి కూర్చుంది సూసన్న. కమిటీ రమ్మన్నది నాలుగింటికి. రైల్వే ఇంట్లో పుట్టినవాళ్ళకి గంట ముందు చేరుకోవడం కొత్తేమీ కాదు గాని, ఇవాళ ఆమె అలవాటు కొద్దీ రాలేదు, ఇంట్లో నిలవలేక వచ్చింది. ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, ప్రేమ్ బజార్‌లో పెద్ద క్యాంపస్ గేటు బయట, జిరాక్సు కొట్ల వరసలో, కింద స్టేషనరీ అంగడి, మెట్లెక్కితే ఈ అధ్యయన కేంద్రం. బోర్డు మీద పేరు మూడు భాషల్లో రాసుకున్నారు, లోపల ఉన్నవి నాలుగు గదులు, ఒక వసారా. వసారాలో ఈ బెంచీ, బెంచీ మీద తను, తన ఒళ్ళో ఫైలు, ఫైల్లో నలభై ఒక్క పేజీలు. అందులో ఏడో పేజీ. ఏడో పేజీ గురించి ఇప్పుడు ఆలోచించకూడదు అనుకుంది, అనుకోగానే అదే వచ్చి ఎదురుగా కూర్చుంది, దాని మొహం మండ. పంతొమ్మిదేళ్ళ పని. పంతొమ్మిదేళ్ళంటే ఏటనుకుంతన్నావు, ఈపాటికి నీ కడుపున ఒక పిల్ల పుట్టుంటే కాలేజీకి పోతుండును, అంటుంది దోర్కా అత్త. నాన్నకి పిన్ని కూతురు, మొగుడు పోయాక వీళ్ళింట్లోనే ఉండిపోయింది. అత్త అలా అన్నప్పుడల్లా సూసన్న నవ్వేసి, నా పిల్ల ఇదేలే అత్తా, అని ఫైలు చూపించేది. ఆ పిల్ల ఇవాళ పన్నెండున్నరకి పోయింది. మూసిన తలుపు వెనకాల కమిటీ వాళ్ళు టీ తాగుతున్నట్టున్నారు, కప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఈ పరిశోధన ఇంకో మూడేళ్ళు సాగనిస్తారా, ఇక్కడితో చాలంటారా, నాలుగింటికి తేలిపోతుంది. నలభై ఏడో ఏట చాలన్నారంటే మరింక తట్టడానికి తలుపు లేదు. ఏ ప్రకటన చదివినా వయసు దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచి పక్కన పెట్టెయ్యడమే.

పన్నెండున్నరకి నాన్నకి అన్నంలో చారు కలుపుతుంటే ఫోను టింగుమంది. కిరణ్మయి. ఎంఫిల్ నాటి నేస్తం, ఇద్దరూ ఒకే గదిలో ఉండి, వార్డెన్‌కి తెలియకుండా ఒకే హీటరు మీద గుడ్లు ఉడకబెట్టుకున్న రోజుల నాటిది. పదిహేనేళ్ళ కిందటే ఈ పరిశోధనలకి ఒక దండం పెట్టి, విజయనగరంలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది, హాయిగా ఉంది. ఒక్కరైనా చదవాలి కదే, అని సూసన్నే నెల కిందట ఆ నలభై ఒక్క పేజీలూ పంపింది. ఊరికే మాటవరసకి పంపింది. ఆ మహాతల్లి నిజంగా చదివేసింది. సూసీ, ఏడో పేజీ ఒకసారి చూడవే, మీ ఇంటి పది నిమిషాలు రెండుసార్లు తీసేశావేమో అని అనుమానంగా ఉంది, అని రాసింది. అంతే. చేతికి చారన్నం అంటుకుని ఉంది, అలాగే నిలబడి రెండోసారి చదివింది, మూడోసారి చదవక్కర్లేకపోయింది. నాన్న నోరు తెరుచుకుని ముద్ద కోసం చూస్తున్నాడు. ముద్ద పెట్టింది. ఇంకో ముద్ద పెట్టింది. ఆయన మందుల చీటీ వెనక్కి తిప్పి, ఎడమ చేత్తో, నాలుగు లైన్లలో లెక్క చేసింది. పంతొమ్మిదేళ్ళ పని నాలుగు లైన్లలో పోతుందా అంటే, పోతుంది. శుభ్రంగా పోతుంది.

ఆ పది నిమిషాల మాట లోకంలో నలుగురికే అర్థమవుతుంది, అయిదో మనిషి అమ్మ, ఇప్పుడు లేదు. నింపురాలో యార్డు పక్కన క్వార్టర్స్‌లో ఉండే రోజుల్లో, వాళ్ళింటి గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది. వాళ్ళింట్లోనే అని కాదు, ఆ లైనులో ఏ ఇంటికి వెళ్ళినా అదే సంబరం, ఒకరింట్లో అయిదు నిమిషాలు, ఒకరింట్లో పావుగంట, డ్యూటీకి ఆలస్యం కాకూడదని. గమ్మత్తేమిటంటే ముందుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిశాక ఇంక లాభమేముంది? ప్రతివాళ్ళూ గడియారం వైపు చూడడం, మనసులో పది తీసేసుకోవడం, తీరిగ్గా తల దువ్వుకోవడం. తెల్లారి లేచింది మొదలు తీసివేతలే. రైల్వే బడిలో సూసన్నకి అందరికన్నా ముందు తీసివేతలు వచ్చాయంటే పంతులమ్మ గొప్ప కాదు, ఆ గడియారం గొప్ప. పైగా నాన్న, సత్యవేదం, ఊరు మొత్తం మీద అందరికన్నా కచ్చితంగా టైము తెలిసిన మనిషి. కంట్రోల్ ఆఫీసులో పని. రోజూ సాయంత్రం సరిగ్గా నాలుగింటికి సెక్షన్‌లో ఉన్న స్టేషన్లన్నిటినీ ఒకే లైన్లోకి పిలిచి టైము ఇచ్చేవాడు. పదహారు గంటలు, కలుపుకోండి. అవతల ఒక్కో స్టేషను మాస్టరూ ముల్లు సరిచేసుకుని, తన స్టేషను పేరు చెప్పి, పదహారు గంటలు, కలిపినాను, అని తిరిగి పలకాలి. ఆఖరి స్టేషను పలికేదాకా నాన్న ఫోను దించేవాడు కాదు. అంతమందికి సరైన టైము పంచిపెట్టి, ఇంటికొచ్చి, తప్పు గడియారం కింద కూర్చుని టీ తాగేవాడు. అదేంటి నాన్నా, మనింట్లో తప్పుంది కదా, అని ఎనిమిదేళ్ళప్పుడు అడిగింది. ఇదీ సరిగ్గా ఉంటే ఇల్లు కూడా ఆఫీసైపోదేటమ్మా, అన్నాడు. అప్పటి నవ్వు ఇంకా గుర్తుంది, ముందు పళ్ళ మధ్య సందు కూడా. ఆ పళ్ళు ఇప్పుడు లేవు.

ప్యూను వచ్చి, దీదీ, చా ఖాబేన్, టీ తాగుతారా, అని అడిగాడు. వద్దంది. మూడూ ఇరవై. చేతికున్నది అమ్మ గడియారం, రోజూ కీ ఇవ్వాలి, మరిచిపోతే అలిగినట్టు ఆగిపోతుంది. అమ్మ దీన్ని చర్చికి వెళ్ళేటప్పుడే పెట్టుకునేది. పలాసలో అమ్మమ్మ పోయిందని కబురొచ్చిన రోజు మాత్రం ఆదివారం కాకపోయినా పెట్టుకుంది, కాని కీ ఇవ్వలేదు, ఆ ఏడుపులో ఎవరికి గుర్తుంటుంది, నాన్న చేతికి గడియారం కట్టే మనిషే కాదు. పాసు చేతిలో ఉంది, బండి రెండున్నరకి. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి సమాధి. అప్పటికి పెళ్ళి కాని దోర్కా, టెక్కలి నుంచి వచ్చి నాలుగు రోజులై ఉంది. ఇంత చదువుకున్నోళ్ళ ఇంట్లో గడియారం తప్పుందేటి అని జాలిపడి, రేడియో టైము పెట్టి, స్టూలెక్కి, ముల్లు పది నిమిషాలు వెనక్కి తిప్పేసింది. చేసిన సాయం చెప్పుకునే అలవాటు లేని పిల్ల, చెప్పలేదు. అంతే కదా మరి. మిగతా ముగ్గురూ గడియారం చూడడం, పది తీసేసుకోవడం, ఇంకా ఉందిలే అని అమ్మ చీర మార్చుకోవడం, నాన్న తాళం రెండుసార్లు లాగి చూడడం. కంట్రోల్ ఆఫీసు సత్యవేదం, సెక్షన్‌కంతా టైము ఇచ్చే సత్యవేదం, పెట్టె నెత్తిన పెట్టుకుని, అంత పొడుగు ప్లాట్‌ఫారం మీద, వెళ్ళిపోతున్న ఆఖరి పెట్టె వెనకాల పరిగెత్తాడు. పదమూడేళ్ళ సూసన్న చూసింది. బండి తప్పిపోవడం కాదు, నాన్న ఆగి వెనక్కి తిరిగినప్పుడు ఆయన మొహం చూసింది. ఆయనకి అప్పటికీ అర్థం కాలేదు. పది తీసేసే చేతి లెక్క తప్పదు కదా, అంటాడు. ఊరంతా నవ్వుకున్నారు, రైలోళ్ళకి రైలు తప్పిపోయిందట, అని. తర్వాతి బండి రాత్రికి గాని లేదు, అది కూడా మర్నాడు పొద్దున్న చిలకా సరస్సు పక్కన రెండు గంటలు నిలిపేశారు. వీళ్ళు పలాస చేరేసరికి మట్టి కప్పేశారు, కప్పిన మట్టి మీద పువ్వులు కూడా వాడిపోయాయి.

అమ్మ దోర్కాని ఒక్క మాట అనలేదు. ఎవరినీ ఏమీ అనలేదు. కాని తర్వాత ఏళ్ళ తరబడి, బియ్యం ఏరుకుంటూనో, సూసన్నకి జడ వేస్తూనో, ఉన్నట్టుండి ఒకటే అడిగేది. ఆళ్ళు మా అమ్మని దింపుతున్నప్పుడు, సరిగ్గా అప్పుడు, నానెక్కడున్నానే? చిలకా పక్కనే కదమ్మా, అనేది సూసన్న. అది కాదే, సరిగ్గా ఆ దింపుతున్నప్పుడు. నీళ్ళకేసి సూస్తన్నానా, నిద్దరోతన్నానా, మీ నాన్నతోటి టీ గురించి మాటాడతన్నానా. ఏటి సేస్తన్నానో తెలిస్తే బాగున్ను. అమ్మ పోయేదాకా ఆ ప్రశ్న పోలేదు. చాలామందికి దుఃఖం అంటే పోయిన మనిషి గుర్తుకు రావడం. అమ్మకి మాత్రం దుఃఖమంతా ఆ ఒక్క క్షణానికి తానెక్కడ ఉన్నదీ తెలియకపోవడమే. ఎమ్మెస్సీలో మొదటిసారి పాఠం విన్నప్పుడు సూసన్నకి అమ్మ ప్రశ్నే గుర్తొచ్చింది. దూరంగా ఉన్న రెండు చోట్ల "సరిగ్గా అప్పుడు" అనే మాటకి అర్థం ఉందా అంటే, ఉందని ఎవరూ గట్టిగా చెప్పలేరట. అక్కడి గడియారం ఇక్కడి గడియారంతో కలవాలంటే ఇక్కణ్ణుంచి కబురు పంపాలి. కబురు పోవడానికి ఎంతసేపు పడుతుందో తెలియాలి. ఎంతసేపు పట్టిందో తెలియాలంటే రెండు గడియారాలూ ముందే కలిసి ఉండాలి. పోనీలే, పోయేటప్పుడు ఎంతో వచ్చేటప్పుడూ అంతే అనుకుందాం, అని అందరూ కూడబలుక్కుని పని జరుపుకుంటున్నారు. పలాసలో దింపుతున్నప్పుడు చిలకా దగ్గర ఏం జరుగుతోంది అన్నా అంతే. అదొక ఒప్పందమే, అంతకుమించి ఏమీ లేదు, అని పెద్దపెద్దవాళ్ళే రాశారు. సూసన్న ఒప్పుకోలేదు. ఎందుకొప్పుకోవాలి? మా అమ్మ ఆ క్షణానికి ఎక్కడో ఒకచోట నిజంగా ఉంది కదా.

అలా మొదలైంది ఈ వెర్రి. ఫిజిక్సు వాళ్ళ దగ్గరికి పోతే ఇది తత్వశాస్త్రం అన్నారు, తత్వశాస్త్రం వాళ్ళ దగ్గరికి పోతే అమ్మో ఇన్ని లెక్కలా, ఇది ఫిజిక్సు అన్నారు. రెండిళ్ళ మధ్య వీధిలో నిలబడి ముప్పై మూడో ఏట డాక్టరేటు తెచ్చుకుంది. ఇంటర్వ్యూలకి వెళ్ళింది. దీనివల్ల సమాజానికి ప్రయోజనమేమిటి అని ఒకచోట, పెళ్ళెందుకు చేసుకోలేదు అని ఇంకోచోట, మీ నాన్నగారు రైల్వేలో కదా, ఆ కోటాలో ప్రయత్నించలేదా అని మరోచోట. ఏడాదికో కాంట్రాక్టు, ఆర్నెల్లకో కాంట్రాక్టు, మధ్యలో హిజ్లీ వైపు ఒక ఇంట్లో ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు. అచ్చయిన వ్యాసాలు నాలుగు. వాటిని ఎవరైనా ఎక్కడైనా ఉదహరించారా అని ప్రతి జనవరిలో వెతుక్కునేది, మూడు చోట్ల దొరికింది, అందులో రెండు తను రాసినవే. ఒకసారి కలకత్తాలో మాట్లాడమంటే మూడు చీరలు ఇస్త్రీ చేసుకుని వెళ్ళింది. ఆరుగురొచ్చారు, ఇద్దరు చల్లగా ఉంటుందని వచ్చి కునుకు తీశారు. అయినా దిగులు వేసేది కాదు. నిజంగా వేసేది కాదు, ఒట్టు. ఎందుకంటే లోపల ఒకటుంది. ఒక గడియారాన్ని చాలా నెమ్మదిగా, నెమ్మదికన్నా నెమ్మదిగా, ఇక్కణ్ణుంచి అక్కడికి మోసుకుపోతే, దారిలో అది పోగొట్టుకునే కాస్త వ్యవధినీ లెక్కలో సర్దేస్తే, ఆఖర్న ఒక రవ్వంత తేడా మిగులుతుంది. ఎవరి ఒప్పందంతోనూ పనిలేని తేడా. అదే "సరిగ్గా అప్పుడు" అనేది లోకంలో నిజంగా ఉందనడానికి గుర్తు. ఆ రవ్వంతని ఎనిమిదేళ్ళ కిందట ఒక వానాకాలం సాయంత్రం మొదటిసారి కాగితం మీద చూసినప్పుడు, సూసన్న పెరట్లోకి పోయి ఒక్కతే నవ్వుకుంది. అమ్మ అప్పటికే పోయింది. అయినా మనసులో చెప్పుకుంది. తెలుస్తుందే అమ్మా, ఇంక తెలుస్తుంది. చర్చిలో ఎవరైనా మీ అమ్మాయి ఏం చేస్తుంది అని అడిగితే నాన్న ఛాతీ పొంగించి, గడియారాల ఆఫీసరు, అనేవాడు. ఆయనకి ఇంకా మాటలు సరిగ్గా ఉన్న రోజులవి.

మూడూ నలభై. మందుల చీటీ ఫైల్లోనే ఉంది, తియ్యక్కర్లేదు, కళ్ళు మూసుకుంటే కనబడుతోంది. దారిలో పోయే వ్యవధిని సర్దడానికి ఆమె వాడిన పట్టికలో అంకెలు అప్పటికే సర్ది ఉన్నాయి. పట్టిక తయారుచేసినవాళ్ళు పోయేటప్పుడు ఎంతో వచ్చేటప్పుడూ అంతే అనే ఒప్పందం ప్రకారం ముందే తీసేసి, సరైన అంకెలు రాసి పెట్టారు. సూసన్న వాటిని చూసింది, చూసి, చిన్నప్పటి అలవాటు ఎక్కడికి పోతుంది, మళ్ళీ తీసేసింది. సరిగ్గా ఉన్న గడియారంలోంచి పది తీసేసింది. ఆ రవ్వంత తేడా లోకంలోది కాదు, తన చేతిలోది. ఒక్కసారే తీస్తే మిగిలేది సున్నా. తేడా లేదు, గుర్తు లేదు, ఏమీ లేదు. పంతొమ్మిదేళ్ళు ఆ పొడుగు ప్లాట్‌ఫారం మీద పరిగెత్తి, ఆగి వెనక్కి తిరిగితే తన మొహం కూడా నాన్న మొహంలాగే ఉందేమో. చేతి లెక్క తప్పదు కదా. ఇంకెవరైనా ఈ తప్పు చేస్తారా? ఇంకే ఇంటి పిల్లయినా పట్టిక కింద రాసింది చదివి ఊరుకునేది. కిరణ్మయి కాసేపటికి ఇంకో ముక్క పంపింది. నేనెవరికీ చెప్పనే, నీ ఇష్టం. ఆ నీ ఇష్టం దగ్గరే ఏడుపొచ్చింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? లోపల ఉన్న నలుగురిలో ఏడో పేజీ లెక్క అర్థమయ్యేది, అయితే గియితే, ఒక్కరికి. ఫలితం వచ్చింది, పూర్తి చెయ్యడానికి మూడేళ్ళు కావాలి అంటే సరిపోతుంది. మూడేళ్ళు. నాన్నకి ఎంత ఉందో అంత. ఆ తర్వాత ఎవరడిగారు. అబద్ధం కూడా కాదు, ఊరుకోవడం. దోర్కా అత్త గడియారం తిప్పి ఊరుకుంది, ఎవరైనా తప్పన్నారా. అన్నారు. అమ్మ అనలేదు గాని, అమ్మ బియ్యం ఏరుకుంటూ అడిగిన ప్రతిసారీ అన్నట్టే.

ఇవాళ బయల్దేరుతుంటే అత్త వీధి దాకా వచ్చింది. బ్యాటరీ రిక్షా టోటో అతను హారన్ కొడుతున్నా వదలకుండా చెయ్యి పట్టుకుంది. "ఎల్లమ్మా, ఎల్లు. అన్నని నాను సూసుకుంతాను. ఫోను మాత్రం ఎత్తీ, మరిసిపోకు. నువ్వు పలక్కపోతే ఆయన ముద్ద ముట్టడు." నాన్నకి మూడేళ్ళుగా ఒక్కొక్కటీ పోతున్నాయి. ముందు ఊళ్ళ పేర్లు, తర్వాత మనుషులు, అమ్మ పోయిందన్న సంగతి, తర్వాత అమ్మే పోయింది, పేరు చెబితే ఎవరీ అన్నమ్మ అంటాడు. సూసన్నని ఒకసారి నర్సమ్మా అంటాడు, ఒకసారి టికెట్ కలెక్టరు కూతురు అనుకుంటాడు. పోనిది ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి టైము ఇవ్వాలి. అత్త నంబరు నొక్కి ఇస్తే, కంట్రోల్ అని పలికి, టైము ఇచ్చి, అవతల నుంచి కలిపినాను అన్న మాట వినేదాకా ఒళ్ళంతా వణికిపోతాడు. అవతల ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి సూసన్న నింపురా క్యాబిన్ అయింది. మొదట్లో సరిగ్గా నాలుగింటికే చేసేవాడు. చలికాలం వచ్చేసరికి మూడూ యాభైకి చెయ్యడం మొదలుపెట్టాడు. గోడ గడియారం ఇంకా పది నిమిషాలు ముందే నడుస్తోంది, ఆయనకి తీసెయ్యడం మరుపొచ్చింది. అయ్యో పాపం అని అత్త మళ్ళీ స్టూలెక్కింది, ఈ వయసులో, మోకాళ్ళ నొప్పితో, ముల్లు మళ్ళీ సరిచేసింది. వారం తిరక్కుండా ఆయనకి తీసివేత తిరిగొచ్చేసింది. కూతురు పేరు రాలేదు గాని తీసివేత వచ్చింది. అప్పట్నించీ పదహారు గంటలు నాలుగూ పదికి ఇస్తున్నాడు. సూసన్న ఒక్క రోజూ తప్పని చెప్పలేదు. కలిపినాను, అంటుంది, గడియారం ముట్టుకోదు.

నాలుగింటికి తలుపు తెరుచుకుంది. ఆ గదిలో ఆమె ఎనిమిది నిమిషాలు ఉంది. కూర్చోమన్నారు, కూర్చుంది. చెప్పదలుచుకుంది ఏదో ఒక క్రమంలో అనుకుని వచ్చింది గాని, నోరు తెరిస్తే ముందు అదే వచ్చింది, ఏడో పేజీలో తప్పుంది, ఒకే సవరణని రెండుసార్లు తీసేశాను, ఫలితం నిలబడదు, మిగిలేది సున్నా, అని ఇంగ్లీషులో చెప్పేసింది. చెప్పాక గుండె తేలికపడుతుందని ఎక్కడో ఆశ ఉండేది కాబోలు, పడలేదు. ఎవరూ ఏడో పేజీ తిప్పలేదు. తిప్పడానికి లేదు, నలుగురి ముందూ ఆమె పంపిన కవర్లు అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. ఒకాయన తన ముందున్న కవరు మీద కప్పు పెట్టాడు, గుండ్రటి మరక కూడా పడింది. అధ్యక్షుడు ముసలాయన, మంచివాడు, నిజంగానే మంచివాడు, అలాంటి చిన్న పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయమ్మా, అన్నాడు. ట్రస్టు వాళ్ళు ఈ విభాగం తీసేసి కంప్యూటరు కోర్సులు పెడదామని పోయిన నెలలోనే నిర్ణయించారు, ఇవాళ సంతకాలకి పిలిచాం, ఉత్తరంలో స్పష్టంగా రాయలేకపోయాం, అన్నాడు. చివర కూర్చున్నాయన నవ్వుతూ, అయితే మేడమ్, ఇంతకీ టైము లేదంటారా, అని అడిగాడు. అందరూ నవ్వారు. సూసన్న కూడా నవ్వింది, ఏం చేస్తుంది. సంతకం పెట్టమన్నచోట పెట్టింది. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఒక మనిషి కావాలి కదా అనిపించింది, వినేవాడు, ఛీ ఎంత పని చేశావు అనేవాడు. కిరణ్మయి తప్ప ఈ భూమ్మీద ఆ పేజీ చదివినవాళ్ళు లేరు. అబద్ధమాడినా ఇంతే, నిజం చెప్పినా ఇంతే. మూడూ నలభై నుంచీ తను అంత పెనుగులాడింది ఆ కప్పు కింది మరకతోనా.

మళ్ళీ బెంచీ మీదికే వచ్చి కూర్చుంది. ఎక్కడికి పోవాలో తోచలేదు. ఇంటికి పోతే అత్త మొహం చూసి కనిపెట్టేస్తుంది. ఫైలు ఒళ్ళో పెట్టుకోవాలా, పక్కన పెట్టాలా అన్నది కూడా తేలలేదు. ఆఖరికి అమ్మని దింపినప్పుడు సూసన్న పక్కనే ఉంది, తాడు కూడా పట్టుకుంది, మట్టి చేత్తో వేసింది. దానికేమీ అనుమానం లేదు. పలాస సంగతే ఇంకెప్పటికీ తెలియదు. చిలకా దగ్గర అమ్మ కిటికీలోంచి చూస్తోందో, కళ్ళు మూసుకుందో, ఇక ఎవరూ చెప్పలేరు. తెలియకపోవడం కాదు, అసలు తెలియడానికి అక్కడ ఏమీ లేదు. పంతొమ్మిదేళ్ళు అంత దూరం వచ్చి, తెలియడానికేమీ లేదన్న ఆ ఒక్క మాటే అమ్మకి మోసుకుపోవాలి. ఫోను మోగింది. నాలుగూ పది.

"హలో, కంట్రోల్. ఏ స్టేషను?"

"నింపురా క్యాబిన్ అండి."

అవతల ఊపిరి వినిపించింది, దాని వెనకాల అత్త గిన్నెల చప్పుడు. "మిగతావోళ్ళు ఎవులూ పలకడం నేదు. లైన్లో ఉన్నారా?" రోజూ ఇదే అడుగుతాడు. రోజూ సూసన్న, ఉన్నారండి, అందరూ ఉన్నారు, అంటుంది. ఇవాళ ఆ మాట నోటికి రాలేదు.

"లేరండి. నేనొక్కదాన్నే ఉన్నాను."

ఆయన భయపడతాడేమో అనుకుంది. భయపడలేదు. గొంతు సవరించుకున్నాడు, ముప్పై ఏళ్ళ కిందటి గొంతు, డ్యూటీ గొంతు. "ఒక్కలున్నా ఇవ్వాల్సిందే కదమ్మా. పదహారు గంటలు. కలుపుకో."

ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, అమ్మ గడియారం కీ బయటికి లాగింది సూసన్న. ముల్లు వెనక్కి తిప్పింది, పది నిమిషాలు, నాలుగు మీద నిలిపింది, కీ లోపలికి నొక్కింది. ఇన్నాళ్ళూ ఒట్టి నోటితో చెప్పిన మాట ఈసారి చేసి చెప్పింది. "పదహారు గంటలు. కలిపినాను."

ఠీక్ హై, అని ఆయన ఫోను పెట్టేశాడు. ఇంక రాత్రికి అన్నం తింటాడు. సూసన్న ఫైలు చంకన పెట్టుకుని మెట్లు దిగింది. కింద స్టేషనరీ అంగడిలో గోడ గడియారం నాలుగూ పన్నెండు చూపిస్తోంది. అలవాటు కొద్దీ పది తీసేసి, చేతి గడియారం చూసుకుంది. సరిపోయింది.